ఒకటికి మూడు

బిడ్డను గుడ్డలో వేసి త్రాసు కొక్కేనికి తగిలించగానే ముల్లు ఒకసారి ఊగి, పోయిన నెల ఆగిన చోటికి కూడా రాకుండా నిలిచిపోయింది. అంగన్‌వాడీ టీచరు ప్రసూన వంగి చూసింది. గుడ్డను కొంచెం పైకెత్తి మళ్ళీ వదిలింది. ముల్లు మళ్ళీ అక్కడికే వచ్చింది.

“తగ్గినాడు శిల్పా,” అంది మెల్లగా.

శిల్ప బిడ్డను దించి భుజానికి వేసుకుంది. ఐదో నెల బిడ్డ. పేరు యశ్వంత్. తొడల దగ్గర చర్మం వదులుగా మడతలు పడి, ఎవరో పెద్దవాళ్ళ చొక్కా తొడిగినట్టుంది. సూది వేసినా, త్రాసుకు వేలాడదీసినా వాడు ఏడవలేదు. ఈమధ్య ఏడవడం కూడా తగ్గించాడు.

“డబ్బా పాలు ఎట్ల కలుపుతాండారు?” ప్రసూన అడిగింది.

శిల్ప నోరు తెరిచేలోగా వెనక బల్ల మీద కూర్చున్న అత్త ఈశ్వరమ్మ జవాబు చెప్పింది. “ఆస్పత్రిలో నర్సమ్మ చూపిచ్చినట్లే మ్మా. నీళ్ళు కాంచి, చల్లార్చి, సీసా ఉడకబెట్టి. దీని చేతికి ఇయ్యకుండా నేనే కలుపుతాండా.”

“ఒకసారి పులివెందుల ఆస్పత్రిలో చూపియ్యండి పెద్దమ్మా. ఆలస్యం చేయొద్దండి.”

“పోతాం మ్మా, పోతాం.”

బయటికి రాగానే ఈశ్వరమ్మ తన కొంగు చివర లాగి బిడ్డ ముఖం మీద కప్పింది. ఎండ కోసం కాదు. ఆకాశం వైపు ఒకసారి చూసి కప్పింది. మార్చి దాటకముందే తొండూరు దారి తారు మెత్తబడుతోంది. చీనీ తోటల మధ్య గాలి కదలడం లేదు.

“ఆస్పత్రిలో ఏం జేస్తారు? ఇంగో డబ్బా రాసిస్తారు. ఇది తాపితే తగ్గే జబ్బు గాదు. పొద్దుగూకే యాళ బిడ్డనెత్తుకోని మిద్దె మీద నిలబడొద్దే అంటి. కొంగలు బారుగ పోతాండె. ఇన్న్యావా?”

శిల్ప బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో ఉక్కగా ఉంటే కాసేపు పైకి వెళ్ళిన మాట నిజమే. కొంగలు వెళ్ళిన మాటా నిజమే. పక్షి నీడ పడిన పసిబిడ్డ ఎంత తాగినా ఒంటికి పట్టదని, పక్షికూన మాదిరి చిక్కిపోతాడని, దాన్నే పక్షిదోషమంటారని ఆమె పుట్టింట్లో కూడా వినింది. వింటూ పెరిగిన మాట తన మీదికే వచ్చినప్పుడు కాదని ఎట్లా అనాలో ఆమెకు తెలియలేదు.

“మైదుకూరు అవతల పల్లెలో ఒకాయన ఉండాడు. పసుపుకొమ్ము కాల్చి బొడ్డు సుట్టూ వాతలు పెడతాడు. ఆదివారం పోదాం. జాఫర్‌కు ఆటో చెప్పినా.”

“వాతలా అత్తా?”

“నొప్పి పుడితేనే దోషం వదిలేది. నీకు నొప్పా, వానికి నొప్పా?”

*

మధ్యాహ్నం వర్షిత బడి నుంచి వచ్చింది. ఒంటిపూట బడులు. వర్షిత, శిల్ప భర్త నరేష్ అక్క కూతురు. ఇక్కడి ఆదర్శ పాఠశాలలో సీటు వచ్చిందని అవ్వ ఇంట్లోనే ఉండి ఆరో తరగతి చదువుతోంది. సంచీ గోడకు విసిరి, అన్నం తిననని మొండికేసింది.

“ఏమైంది వర్షీ?” శిల్ప సీసా కడుగుతూ అడిగింది. పొడుగాటి బ్రష్షు లోపల తిప్పి, రబ్బరు పీకను తిరగేసి రెండు వేళ్ళ మధ్య రుద్దుతోంది. కడగడం ఒక్కటే అత్త ఆమెకు వదిలిన పని.

“మేడం తప్పు కొట్టింది. నేను సరిగ్గానే చేసినా అత్తా. సూడు.”

లెక్క పానకం గురించి. రెండు గ్లాసుల నీళ్ళకు ఆరు చెంచాల బెల్లప్పొడి వేస్తే, అదే తీపి రావాలంటే ఐదు గ్లాసులకు ఎన్ని చెంచాలు? వర్షిత తొమ్మిది అని రాసింది. దాని మీద ఎర్రగీత.

“రెండుకు మూడు కలిపితే ఐదు గదా. ఈడ గూడ మూడు కలిపినా. ఆరూ మూడూ తొమ్మిది. తప్పేముంది?”

శిల్ప తడి చేతులు చీరకు తుడుచుకుని లెక్క మళ్ళీ చదివింది. నీళ్ళు మూడు పెరిగితే బెల్లం మూడు పెరిగింది. తప్పు కనిపించలేదు. తనైనా తొమ్మిదే రాసేది. పదో తరగతిలో లెక్కలు పోయినాక మళ్ళీ పరీక్ష రాయలేదు. అప్పటి నుంచి అంకెలు కనబడితే ఆమె చూపు పక్కకు జరిగిపోతుంది.

“మేడం ఏమనింది?”

“నిష్పత్తి మారిందంట. తాగి సూస్తే తెలుస్తాది పో అనింది. అందరూ నగినారు.” వర్షిత ముక్కు ఎగబీల్చింది. “తాగే సూస్తా. రేపు పోయి చెప్తా మేడంకు.”

బెల్లం డబ్బా దించి దంచడం మొదలుపెట్టింది. శిల్ప వద్దనలేదు. ఎండ పొద్దు, పానకం ఎవరో ఒకరు తాగుతారు. ఒక గిన్నెలో చిన్న గ్లాసుతో రెండు గ్లాసుల నీళ్ళు పోసి ఆరు చెంచాలు వేశారు. ఇంకో గిన్నెలో ఐదు గ్లాసులు పోసి తొమ్మిది చెంచాలు వేశారు. వర్షిత నాలుక బయటపెట్టి ప్రతి చెంచానూ వేలితో సమంగా గీస్తూ వేసింది.

తోటలో డ్రిప్పు పైపులు చూసి ఈశ్వరమ్మ అప్పుడే వచ్చింది. కాళ్ళకు ఎర్రమట్టి. “ఏంది మే, శ్రీరామనవమి ముందే చేస్తాండారా?” అంటూ అరుగు మీద కూర్చుని చెయ్యి చాచింది. వర్షిత మొదటి గిన్నెలోంచి పోసి ఇచ్చింది.

“బాగుంది. ఇంగ కొంచెం పొయ్యి.”

వర్షిత రెండో గిన్నెలోంచి పోసింది. ఈశ్వరమ్మ ఒక గుటక మింగి ముఖం చిట్లించింది. “దీంట్లో బెల్లమెయ్యడం మరిసినావా? వట్టి నీళ్ళు తాపుతావేంది అవ్వకు? పిసినారి పిల్లా!”

“తొమ్మిది చెంచాలేసినా అవ్వా! దాంట్లో ఆరే ఏసింది!”

“తొంబై ఎయ్యి. నీళ్ళు నీళ్ళే.”

వర్షిత గిన్నె ముందు గొంతుక్కూర్చుంది. తర్వాత తనలో తనే అంది, “రెండు గ్లాసులకు ఆరంటే... గ్లాసుకు మూడు. ఒకో గ్లాసుకు మూడు మూడు పడాల. ఐదు గ్లాసులకు...” వేళ్ళు మడిచింది. “పదైదు! అత్తా, ఇంగ ఆరు ఎయ్యాల!”

వేసింది. కలిపింది. రుచి చూసి, గిన్నె ఎత్తుకుని అవ్వ దగ్గరికి పరుగెత్తింది. “ఇప్పుడు?”

“ఇప్పుడు పానకం,” అంది ఈశ్వరమ్మ.

శిల్ప చేతిలో సీసా అట్లాగే ఉంది. సీసా పొడుగునా గీతలు, గీతల పక్కన అంకెలు. బిడ్డ చిన్నగా ఉన్నప్పుడు ఇంత పెద్ద సీసా కాదు. టైఫాయిడ్ వచ్చి తన పాలు ఎండిపోయినప్పుడు, ఆస్పత్రిలో నర్సు చిన్న సీసా తీసుకుని రెండో గీత దాకా నీళ్ళు పోసి రెండు చెంచాల పొడి వేసి చూపించింది. ఆ రెండు చెంచాలు అత్తకూ గుర్తున్నాయి, తనకూ గుర్తున్నాయి. వాడికి ఆకలి పెరిగి ఈ పెద్ద సీసా కొన్నాక, ఆరో గీత దాకా నీళ్ళు పోసి అత్త అడిగింది. “పెద్ద సీసా గదా, ఇంగొక చెంచా ఏద్దామా?” “ఏద్దాం అత్తా,” అంది తను. రెండుకు ఒకటి కలిపితే మూడు. ఎండలు మొదలయ్యాయి కదా, చిక్కగా పోస్తే వేడి చేస్తుంది, మూడు చాలు అనుకున్నారు ఇద్దరూ.

శిల్ప లోపలికి వెళ్ళి అల్మారా పై అరలోని డబ్బాను దించింది. డబ్బా వెనక ఒక పట్టిక ఉంది. ఎన్నిసార్లు చూసిందో దాన్ని. లెక్క మాదిరి కనబడేది కాబట్టి ఎప్పుడూ చదవలేదు. ఇప్పుడు వేలు పెట్టి చదివింది. ముప్పై మి.లీ. నీళ్ళకు ఒక చెంచా. అరవైకి రెండు. తొంబైకి మూడు. వేలు కిందికి జారింది. నూట ఎనభైకి, అంటే ఆరో గీతకు, ఆరు.

ఆరు.

ఆమె డబ్బాను రెండు చేతులతో పట్టుకుని నేల మీద కూర్చుంది. బయట వర్షిత పాట పాడుతున్నట్టు అంటోంది, “రెండుకు ఆరు, నాలుగుకు పన్నెండు, ఐదుకు పదైదు.” ఉయ్యాలలో బిడ్డ కళ్ళు తెరిచి దూలం వైపు చూస్తున్నాడు. తాగినంతసేపూ తాగాడు. సీసా ఖాళీ చేసేవాడు. తాగుతున్నాడు కదా అని తను ప్రతిసారీ ధైర్యం తెచ్చుకునేది.

*

మరునాడు పొద్దున అత్త పశువుల దగ్గర ఉండగా శిల్ప పాలు కలిపింది. ఆరు చెంచాలు. ఒకో చెంచానూ చాకు వెనకతో సమంగా గీసి వేసింది. కొంచెం పొడి బండ మీద పడింది. సీసాను బాగా ఊపింది. పాలు తెల్లగా అద్దానికి అంటుకున్నాయి. ఇంతకుముందు అట్లా అంటుకునేవి కావు.

బిడ్డ నోట్లో పీక పెట్టింది. వాడు నాలుగు గుటకలు మింగి ఆగాడు. కళ్ళు ఆమె ముఖం మీద నిలిపాడు. మళ్ళీ లాగడం మొదలుపెట్టాడు, ఈసారి చేతులతో సీసాను పట్టుకోబోతూ.

“ఏందది?”

ఈశ్వరమ్మ వాకిట్లో నిలబడి ఉంది. దగ్గరికి వచ్చి సీసాను లాక్కుని వెలుతురుకు పట్టి చూసింది. “పెరుగు మాదిరుండాయి గదే! ఈ ఎండలకు ఇంత చిక్కగ పోస్తే వేడి చేసి విరేచనాలు పట్టుకుంటాయి. బిడ్డను చంపుకుంటావా?”

“డబ్బా మీద అట్లనే ఉంది అత్తా. ముప్పైకి ఒక చెంచా. మనం ఆరు ఎయ్యాల్సిన కాడ మూడే...”

“డబ్బా అమ్ముకునేటోడు శానా ఏసుకోమనే రాస్తాడు.”

మూత తిప్పి, కాచిన నీళ్ళ చెంబు తీసుకుని, సీసాలోకి పోసింది. సీసా నిండా పోసింది. శిల్ప చూస్తూనే ఉంది. తెల్లదనం పలచబడి, అద్దం మీది పాలు జారి, సీసా అవతల ఉన్న అత్త వేళ్ళు కనిపించాయి. బిడ్డ ఏడ్చాడు. చాలా రోజుల తర్వాత గట్టిగా ఏడ్చాడు.

“సూడు, అప్పుడే కడుపునొప్పి,” అంది ఈశ్వరమ్మ.

శిల్ప మళ్ళీ చెప్పింది, పానకం మాట చెప్పింది. అత్త చీపురు తీసుకుని బండ మీద పడిన పొడి ఊడ్చసాగింది. ఆ రోజు నుంచి డబ్బా అత్త గదిలోని అల్మారాలోకి మారింది, దాని తాళంచెవి అత్త కొంగు ముడిలోకి.

*

శనివారం సాయంత్రం నరేష్ వచ్చాడు. జమ్మలమడుగు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని. వారానికొకసారి ఇంటికి వస్తాడు. బూట్ల అంచుల్లో బూడిదరంగు దుమ్ము. కాళ్ళు కడుక్కుని బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని, వాడి ముంజేతి మీద తన బొటనవేలు పెట్టి చూశాడు. ముంజెయ్యి బొటనవేలి కంటే ఎంతో లావు లేదు.

శిల్ప డబ్బా అడిగి తెప్పించి పట్టిక చూపించింది. వర్షితను పిలిచి లెక్క చెప్పించింది. నరేష్ విని తల్లి వైపు తిరిగాడు. “మా, అది చెప్పేది నిజమేనేమో మా. వాతలు రెండు దినాలాగి పెట్టిచ్చుకుందాం. ముందు ప్రొద్దుటూరులో పిల్లల డాక్టరు దగ్గర...”

ఈశ్వరమ్మ చేటలో కందిపప్పు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

“మీరు నాకు చెప్తారా పక్షిదోషమంటే ఏందో? నాయన్లారా, నేను కండ్లారా సూసినా. నీకంటే ముందు పుట్టినోడు, నారాయణ. అచ్చం ఇట్లనే. ఇదే మాదిరి సన్నగయినాడు. నాకు పాలు చాలకపోతే మేకపాలు తాపితి. దినామూ తాపితి. కడుపు నిండా తాపితి. తాగేది తాగుతానే ఉండె, చిక్కేది చిక్కుతానే ఉండె. నేను తాపలేదా? తల్లిని, తక్కువ జేసినానా?” చేట ఒళ్ళోకి దించింది. “వాతలు పెట్టిచ్చేది ఆలస్యమై పోయినాడు. మీ నాయన రేపు మాపు అనె. ఆ తప్పు మళ్ళీ చెయ్యను.”

నారాయణ అనే పేరు శిల్ప ఈ ఇంట్లో ఎప్పుడూ వినలేదు. నరేష్ తల దించుకుని బిడ్డ కాళ్ళు నిమురుతూ ఉండిపోయాడు. తల్లి ఆ మాట ఎత్తిన తర్వాత అతను ఇంకేం మాట్లాడడని శిల్పకు తెలిసిపోయింది.

“మేకపాలలో నీళ్ళు కలిపేవాళ్ళా అత్తా?” ఆమె అడిగింది. అడగాలని అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది.

“కలపకుండా ఎట్ల తాపుతారు పసిబిడ్డకు?” అని ఈశ్వరమ్మ చేట ఎత్తింది. రెండుసార్లు చెరిగింది. మూడోసారి చేట గాలిలోనే ఆగింది. పప్పు అంచు నుంచి జారి నేల మీద రాలుతోంది. ఆమె చూడలేదు. తర్వాత లేచి, చేటను అక్కడే వదిలి, తోటవైపు వెళ్ళిపోయింది.

అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది.

*

ఆదివారం పొద్దున్నే జాఫర్ ఆటో తెచ్చి ఇంటి ముందు ఆపాడు. “పెద్దమ్మా, ఎండ పడకముందే మైదుకూరు దాటాల. బిన్న రాండి!” అని అరిచి, బీడీ ముట్టించి, అద్దం తుడుచుకోసాగాడు.

శిల్ప బిడ్డకు స్నానం చేయించి మెత్తటి గుడ్డలో చుట్టింది. పొట్ట మీద బొడ్డు చుట్టూ అరచేయి ఆనించి కాసేపు ఉంచింది. అక్కడ చర్మం పలుచగా, వెచ్చగా ఉంది. ఆటో ఎక్కకూడదని ఆమె తెల్లవారకముందే నిశ్చయించుకుంది. ఎక్కను అని అనడానికి మాత్రం ఇంకా మాట కూడలేదు. నరేష్ చొక్కా వేసుకుని గడపలో నిలబడి ఉన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

ఈశ్వరమ్మ అరుగు మీద కూర్చుని వర్షితకు జడ వేస్తోంది. ప్రయాణపు చీర కట్టుకుంది. దువ్వెన ఒళ్ళో పెట్టుకుని పాయలు తీస్తోంది. పాయ తీసి అల్లడం మరిచిపోయినట్టు పట్టుకుంది.

“పాపా, నీకొక లెక్క ఇస్తా. చేస్తావా?”

“ఇయ్యవ్వా!”

“ఒక లోటా పాలుండాయనుకో. దాంట్లో ఒక లోటా నీళ్ళు పోసినాం.”

“ఒకటికి ఒకటి.”

“ఎండలు ముదిరినాయని ఇంగొక లోటా నీళ్ళు పోసినాం.”

“ఒకటికి రెండు. సులభం అవ్వా. ఇంగా కష్టంది ఇయ్యి.”

“బిడ్డకు చాలక ఏడుస్తాండాడు. మేక అంతకుమించి ఇయ్యదు. ఇంగొక లోటా పోసినాం. నీళ్ళు.”

వర్షిత వేళ్ళు కూడా మడవలేదు. “ఒకటికి మూడు.”

“అంటే ఏంది? నాకు అర్థమయ్యేట్ల చెప్పు.”

“నాలుగు లోటాలు తాగితే దాంట్లో పాలు ఒక లోటానే. మిగిలిందంతా నీళ్ళు.”

ఈశ్వరమ్మ చేతిలో పాయ కొంచెం బిగిసింది. “స్... అవ్వా, నొప్పి,” అంది వర్షిత.

వాకిట్లో జాఫర్ హారన్ కొట్టాడు. ఎవరూ కదల్లేదు. శిల్ప గడప లోపల బిడ్డను పట్టుకుని నిలబడి ఉంది. అత్త వీపు మాత్రమే కనబడుతోంది. రవికె కింద భుజాలు పైకెక్కి, దిగడం లేదు.

“ఒక మారే గాదు,” అంది ఈశ్వరమ్మ. గొంతు బతిమాలుతున్నట్టుంది. “దినానికి నాలుగు మార్లు తాపితి. శానా తాపితి. అప్పుడు ఎక్కువయితాది గదా?”

వర్షితకు ఇది బడిలో చెప్పిందే. ఉత్సాహంగా వెనక్కి తిరగబోయింది, జడ లాగింది, మళ్ళీ ముందుకే తిరిగింది. “నాలుగు మార్లంటే నాలుగుకు పన్నెండు. అది గూడ ఒకటికి మూడే. పది మార్లు తాపితే పదికి ముప్పై. అదీ ఒకటికి మూడే. ఎన్ని మార్లు తాపినా అంతే అవ్వా. అది మారదు.”

“మారదా?”

“మారదు. మేడం అదే చెప్పింది.” కొంచెం ఆగి అడిగింది, “కరెక్టేనా అవ్వా? తప్పు లేదు గదా?”

ఈశ్వరమ్మ మూడు పాయలూ చేతిలోకి తీసుకుని మెల్లగా, ఒకదాని మీద ఒకటి, చివరి దాకా అల్లింది. రిబ్బను కట్టింది. ముడి ఒకసారి జారితే మళ్ళీ కట్టింది.

“లేదమ్మా,” అంది. “సరిగ్గా చేసినావు.”

హారన్ మళ్ళీ మోగింది. ఈశ్వరమ్మ లేవలేదు. కొంగు ముడి నుంచి అల్మారా తాళంచెవి తీసి, వెనక్కి చూడకుండానే, చెయ్యి మాత్రం గడప వైపు చాచింది. శిల్ప ముందుకు వచ్చి తీసుకుంది. తాళంచెవి చెమటకు తడిగా ఉంది.

“ఆటో పంపిచ్చెయ్యమను నరేష్‌ను,” అంది ఈశ్వరమ్మ. “లేదా మీరిద్దరూ దాంట్లోనే ప్రొద్దుటూరు పోండి, డాక్టరు కాడికి. నేను రాను.”

శిల్ప లోపలికి వెళ్ళి, ఆరో గీత దాకా నీళ్ళు పోసి, పొడి చెంచాలు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. బయట వర్షిత అడుగుతోంది, “ఇంగొక లెక్క ఇయ్యవ్వా. ఈ తూరి పెద్దది ఇయ్యి.”